ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు: ఆకాశవాణి శ్రవణ దినచర్య

టెలివిజన్ ఇంటింటికీ చేరకముందు దేశ రాజధానికీ తెలుగు పల్లెకూ మధ్య ప్రతిరోజూ నడిచిన వారధి రేడియో. పార్లమెంటులో ఏం జరిగిందో, సరిహద్దులో ఏం జరుగుతోందో, ధరలు పెరిగాయో తగ్గాయో తెలుగువారు మొదట విన్నది ఢిల్లీలోని ఆకాశవాణి వార్తా విభాగం నుంచి వెలువడిన తెలుగు బులెటిన్లలోనే. పత్రిక మరునాటికి గాని చేరని ఊళ్లలో, అక్షరం రాని ఇళ్లలో ఆ పది నిమిషాల ప్రసారమే దేశ వార్త.

ఆరంభం

భారతదేశంలో క్రమబద్ధమైన ప్రసారాలు 1927 జులై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీతో మొదలయ్యాయి. మూడేళ్లకే ఆ సంస్థ దివాలా తీయడంతో ప్రభుత్వమే ప్రసారాలను చేపట్టింది. 1936 జనవరి 1న ఢిల్లీ కేంద్రం ప్రారంభమైంది. అదే నెల 19న అక్కడి నుంచి తొలి వార్తా బులెటిన్ వెలువడింది. ఆ ఏడాది జూన్ 8న సంస్థకు ఆలిండియా రేడియో అనే పేరు వచ్చింది. 1937లో కేంద్రీయ వార్తా విభాగం ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రాంతీయ భాషల వార్తలకు ప్రాధాన్యం పెరిగింది. 1943 నాటికి పార్లమెంట్ స్ట్రీట్‌లో సొంత భవనం సమకూరింది. 1957 నుంచి ఆకాశవాణి అనే పేరు స్థిరపడింది.

తెలుగు ప్రాంతాల్లో మాత్రం కేంద్రాలు కొంత ఆలస్యంగా వచ్చాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలకు తొలుత 1938లో ప్రారంభమైన మద్రాసు కేంద్రమే ఆధారం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నిజాం పాలనలో నడిచిన దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో విలీనమైంది. ఈ కేంద్రాలు ఢిల్లీ బులెటిన్లను అందుకుని తమ శ్రోతలకు పునఃప్రసారం చేసేవి.

వార్త తయారయ్యే తీరు

వార్తా సంస్థల నుంచి, ఆకాశవాణి సొంత విలేకరుల నుంచి వచ్చిన సమాచారాన్ని ఢిల్లీలోని జనరల్ న్యూస్ రూమ్‌లో ఆంగ్లంలో కూర్చేవారు. ఆ ప్రతి భాషా విభాగాలకు చేరేది. తెలుగు విభాగంలో అనువాదకుడూ చదివేవాడూ ఒక్కరే. వార్తను తెనిగించి, నిడివి సరిచూసుకుని, స్టూడియోలోకి వెళ్లి చదవడం ఒకే వ్యక్తి బాధ్యత. ప్రసారానికి కొద్ది నిమిషాల ముందు ముఖ్య వార్త వస్తే మిగిలిన అంశాలను కుదించి దానికి చోటు కల్పించాలి. ప్రసారం నేరుగా సాగేది కనుక తడబాటును చెరిపివేసే వీలు లేదు.

ఈ పని తెలుగు భాషకు మేలు చేసింది. పరిపాలన, విజ్ఞానం, ఆర్థిక వ్యవహారాలకు సంబంధించిన ఆంగ్ల పదాలకు వెనువెంటనే వినగానే అర్థమయ్యే తెలుగు మాట వెదకవలసి వచ్చింది. పాఠకుడు పత్రికలో వాక్యాన్ని రెండోసారి చదువుకోగలడు. రేడియో శ్రోతకు ఆ అవకాశం లేదు. అందువల్ల చిన్న వాక్యం, స్పష్టమైన ఉచ్చారణ, ఏ జిల్లా వారికీ పరాయిగా తోచని భాష రేడియో వార్తలకు ప్రమాణమయ్యాయి.

గొంతులే గుర్తింపు

సినీ నటుడు కొంగర జగ్గయ్య వెండితెరకు రాకముందు ఢిల్లీలో తెలుగు వార్తలు చదివారు. ఆ గొంతే తరువాత ఆయనకు నటుడిగా పెట్టుబడి అయింది. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికై, ఒకప్పుడు వార్తలు చదివిన నగరానికే ఆయన ప్రజాప్రతినిధిగా తిరిగి వెళ్లారు. మదనపల్లెకు చెందిన జోలెపాళెం మంగమ్మ ఆకాశవాణిలో తొలి తెలుగు మహిళా న్యూస్ రీడర్‌గా పేరు పొందారు. అల్లూరి సీతారామరాజుపై పరిశోధన చేసిన చరిత్రకారిణిగానూ ఆమె ప్రసిద్ధురాలు. రంగస్థల నటుడు ఏడిద గోపాలరావు దాదాపు మూడు దశాబ్దాలు ఢిల్లీ నుంచి వార్తలు వినిపించారు. కందుకూరి సూర్యనారాయణ, మామిళ్లపల్లి రాజ్యలక్ష్మి, అద్దంకి మన్నార్ వంటి వారి పేర్లు శ్రోతలకు కంఠస్థం. ముఖం ఎన్నడూ చూడకపోయినా ‘వార్తలు చదువుతున్నది’ అన్న మాట వినగానే ఆ పూట ఎవరి వంతో ఇంటిల్లిపాదీ చెప్పగలిగేవారు.

ఉదయం నుంచి రాత్రి దాకా

1970, 80 దశకాల్లో రేడియో దినచర్య తెల్లవారుజామున సంకేత సంగీతంతో మొదలయ్యేది. ఆ బాణీని వాల్టర్ కౌఫ్‌మన్ స్వరపరిచినట్లు ప్రసిద్ధి. 1974 జూన్ 30న ప్రారంభమైన సంస్కృత వార్తలు ఉదయం 6.55కు వచ్చేవి. ఏడు గంటల ప్రాంతంలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, ఎనిమిది గంటలకు హిందీ, ఆపైన ఆంగ్ల వార్తలు. గడియారం లేని ఇంట్లో ఈ వరుసే గడియారం. సంస్కృతం వినిపిస్తే పిల్లలకు బడివేళ దగ్గరపడుతున్నట్లు, తెలుగు వార్తలు ముగిస్తే పెద్దలు పొలానికో కార్యాలయానికో కదలవలసినట్లు.

మధ్యాహ్నం, సాయంత్రం మళ్లీ తెలుగు బులెటిన్లు. వీటికి తోడుగా హైదరాబాద్, విజయవాడ కేంద్రాల ప్రాంతీయ వార్తలు రాష్ట్ర విశేషాలు చెప్పేవి. రాత్రి 8.45కు హిందీ, తొమ్మిదికి ఆంగ్ల జాతీయ బులెటిన్లు. చిన్న పత్రికలు రాసుకునే వీలుగా నెమ్మదిగా చదివే ప్రత్యేక వార్తలు కూడా ఉండేవి.

వార్తలతోనే మాటల ప్రసారం ముగిసేది కాదు. సర్దార్ పటేల్ స్మారకోపన్యాసాలు 1955లో మొదలయ్యాయి. ఢిల్లీ కేంద్రం 1969 జులై 21న యువతకోసం యువవాణిని ప్రారంభించింది. జాతీయ నాటక కార్యక్రమం ఒక భాషలోని నాటకాన్ని ఇతర భాషల్లోకి తర్జుమా చేసి ఒకే రాత్రి దేశమంతటా వినిపించేది.

నమ్మకానికి పరీక్ష

విభజన కాలంలో 1947 నవంబరు 12న మహాత్మా గాంధీ ఢిల్లీ ప్రసార భవనానికి వచ్చి కురుక్షేత్ర శిబిరంలోని శరణార్థులను ఉద్దేశించి మాట్లాడారు. ఆయన ఆ భవనానికి వచ్చింది ఆ ఒక్కసారే. మరుసటి ఏడాది ఆయన అంతిమయాత్రను మెల్విల్ డి మెల్లో సుమారు ఏడు గంటలు వ్యాఖ్యానించారు. జాతి దుఃఖాన్ని పంచుకున్న మాధ్యమంగా రేడియో జనం మనసులో నిలిచింది.

అయితే ఆ గొంతు ప్రభుత్వానిదన్న వాస్తవమూ శ్రోతకు తెలుసు. 1975 జూన్ 26 ఉదయం అత్యవసర పరిస్థితి ప్రకటన ఆకాశవాణిలోనే వినిపించింది. తరువాతి నెలల్లో వార్తలు ఏకపక్షమయ్యాయి. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీ మృతిని విదేశీ రేడియోలు పగలే చెప్పగా, ఆకాశవాణి సాయంత్రం ఆరు గంటలకు గాని ధ్రువీకరించలేదు. ఆ పగలంతా సొంత రేడియో పక్కన పెట్టుకుని విదేశీ స్టేషన్ కోసం ముల్లు తిప్పినవారు ఎందరో.

ప్రసారాలకు స్వయంప్రతిపత్తి ఉండాలని 1966లో చందా కమిటీ, 1978లో వర్గీస్ కమిటీ సిఫారసు చేశాయి. 1990లో ప్రసార భారతి చట్టం వచ్చింది. అది అమలులోకి వచ్చి సంస్థ ఏర్పడింది 1997లో. అప్పటికి ఉపగ్రహ చానళ్లు తెలుగు ఇళ్లలోకి ప్రవేశించాయి.

ఢిల్లీ తెలుగు బులెటిన్ల చరిత్రలో ఈ రెండు పార్శ్వాలనూ కలిపే చూడాలి. ఏం చెప్పాలో నిర్ణయించే అధికారం చదివేవారి చేతిలో లేదు. ఎలా చెప్పాలన్నది మాత్రం వారి చేతిలో ఉంది. చేతిలో ఉన్న ఆ కొంత మేరకు వారు కనబరచిన శ్రద్ధే తెలుగు శ్రోత గుర్తుంచుకున్నది. మాట స్పష్టంగా, తొందర లేకుండా, అందరికీ అర్థమయ్యేలా చెప్పడం వార్తకు మొదటి మర్యాద అని ఆ పది నిమిషాలు కొన్ని తరాలకు నేర్పాయి.