పాత సినిమా సీడీలు గోనెసంచిలో ఉన్నాయా? పాత సామాన్లోళ్లకు వేసే ముందు ఇది చదవండి!

వెలుగోడు, ఆత్మకూరు, నంద్యాల.. ఊరేదైనా సరే, 2000 తర్వాత కొన్నేళ్లు ఇంట్లో సినిమా అంటే వీసీడీనే. పండగకో పెళ్లికో ప్లేయర్, కలర్ టీవీ అద్దెకు తెచ్చి తెల్లారేదాకా మూడు సినిమాలు చూసిన ఇళ్లు ఎన్నో. అవే సీడీలు ఇప్పుడు అటక మీద మూలుగుతున్నాయి. లేదంటే పిట్టలు వాలకుండా చేలో దారానికి వేలాడుతున్నాయి! వాటిని దాచుకునేవాళ్లు, వెతికి మరీ కొనేవాళ్లు కూడా ఉన్నారు. దానికి కారణం ఉంది.

'అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా' అంటారా? సినిమా పేరు ఉంటుంది, కానీ మొత్తం సినిమా ఉందో లేదో చూసుకోవాలి. 1957 నాటి మాయాబజార్‌నే తీసుకోండి. ఒరిజినల్ నిడివి 3 గంటల పైమాటే. 2010లో రంగులద్ది మళ్లీ రిలీజ్ చేసినప్పుడు నిడివి తగ్గించారు, పాటల్లోనూ కోత పడింది. పూర్తి బ్లాక్ అండ్ వైట్ సినిమా ఉన్న డిస్క్ దొరికితే వదలొద్దనేది అందుకే. హాలీవుడ్‌లోనూ ఇదే కథ. స్టార్ వార్స్‌కు 1997లో జార్జ్ లూకాస్ మార్పులు చేశాడు. దాంతో అంతకుముందు వచ్చిన లేజర్‌డిస్క్‌ల కోసం ఫ్యాన్స్ ఎగబడ్డారు. లేజర్‌డిస్క్ అంటే పళ్లెం అంత ఉంటుంది, 30 సెంటీమీటర్లు. మన ఊళ్లలో అది పెద్దగా కనిపించలేదు. మనకు వచ్చింది వీసీడీ.

వీసీడీ ప్రమాణం 1993 నాటిది. ఫిలిప్స్, సోనీ, జేవీసీ, మత్సుషిత కలిసి తెచ్చాయి. మామూలు డిస్క్‌లో పట్టేది 74 నిమిషాలే. అందుకే మన సినిమాలకు రెండు డిస్క్‌లు, మాయాబజార్ లాంటి వాటికి మూడు కావాలి. సెట్‌లో ఒకటి పోయిందా.. ఇక అంతే! బొమ్మ సైజు 352x288 కాబట్టి ఇప్పటి టీవీలో మసకగా కనిపిస్తుంది, అది డిస్క్ తప్పు కాదు. 2007లో మోజర్ బేర్ వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకే అమ్మడంతో ఒరిజినల్స్ పల్లెల దాకా వచ్చాయి.

మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోవడం తేలిక. డిస్క్ అడుగు వెండి రంగులో ఉంటే కంపెనీలో ప్రెస్ చేసింది. నీలం, ఆకుపచ్చ ఛాయ ఉంటే షాపులో రైట్ చేసింది. ఇందులో ఉండేది రంగు పూత, ఎండకు వెలిసిపోతుంది. ముందు వీటినే కాపాడుకోవాలి.

చాలామంది అడుగున గీతలు చూసి భయపడతారు. అసలు ప్రమాదం పైన, బొమ్మ ముద్రించిన వైపు. సినిమాను పట్టి ఉంచే అల్యూమినియం పొర ఆ లక్క పూత కిందే ఉంటుంది. పైన పెచ్చు లేచిందంటే సినిమా పోయినట్టే. డిస్క్‌ను లైటుకు ఎదురుగా పట్టుకోండి. సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే పొర తినేస్తోందని అర్థం. నంద్యాల ఎండలకు రేకుల షెడ్డులో పెట్టడం కన్నా బీరువాలో నిలువుగా పెట్టడం నయం. దుమ్ము తుడిచేటప్పుడు గుండ్రంగా కాదు, మధ్య నుంచి అంచుకు తుడవాలి.

ప్లేయర్ లేకపోయినా పర్లేదు. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్ తెరవండి. అందులోని డాట్ ఫైల్సే సినిమా. వీఎల్‌సీలో నేరుగా ఆడతాయి, కాపీ కూడా అవుతాయి. డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు దాచాలంటే మాత్రం ఐఎస్ఓ పనికిరాదు. వీసీడీలో వీడియో రాసే పద్ధతి వేరు, బిన్-క్యూ ఫైల్‌గానే తీయాలి.

అలాగని నెట్‌లో పెట్టేయకండి. మన చట్టంలో సినిమాకు కాపీరైట్ 60 ఏళ్లు. 1957లో వచ్చిన సినిమాకు 2017తో గడువు తీరింది, 2000లో వచ్చినదానికి 2060 దాకా ఉంది.

ఇక డబ్బుల సంగతి.. స్టార్ హీరోల హిట్ సినిమాల సీడీలకు ఎవరూ పెద్దగా ఇవ్వరు, ఆశ పెట్టుకోవద్దు. పాత జానపదాలు, ఎవరికీ గుర్తులేని చిన్న సినిమాలు, డబ్బింగ్‌లు వేరుగా తీసి పెట్టండి. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) ప్రింటే ఇవాళ దొరకడం లేదు. కవర్ పోయినా, అట్ట చిరిగినా ఫర్వాలేదు, ముందు డిస్క్‌లన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి.