విద్యార్థుల సైన్స్ ఫిక్షన్ చిత్రాలలో ప్రారంభ సన్నివేశం

సైన్స్ ఫిక్షన్ చిత్రంలో ప్రారంభ సన్నివేశం అనగా చిత్రం మొదలైన తరువాత వచ్చే మొదటి కొద్ది నిమిషాల భాగం. తాము చూస్తున్నది ఎటువంటి లోకమో, అక్కడ ఏ నియమాలు చెల్లుతాయో, మన లోకానికీ దానికీ తేడా ఏమిటో ప్రేక్షకులకు ఈ భాగంలోనే తెలియాలి. సినిమా నిర్మాణం నేర్చుకొనే విద్యార్థులకు పూర్తి చిత్రం బదులు ప్రారంభ భాగాన్ని మాత్రమే అభ్యాసంగా ఇవ్వడం అనేక దేశాలలో ఉన్న పద్ధతి. బ్రిటన్‌లో ఉన్నత పాఠశాల స్థాయి మీడియా స్టడీస్ కోర్సులలో ఒక కొత్త కథాచిత్రానికి రెండు నిమిషాలకు మించకుండా పేర్లు, ప్రారంభం తీసి చూపడం చాలాకాలం పరీక్షలో భాగంగా ఉండేది. సెట్టింగులకు, గ్రాఫిక్సుకు డబ్బు లేని విద్యార్థికి అన్ని రకాల చిత్రాలలోకి సైన్స్ ఫిక్షన్ కష్టమైనదని ఒక అభిప్రాయం ఉన్నది. ఈ రకం చిత్రాల చరిత్రను పరిశీలిస్తే ఆ అభిప్రాయం పూర్తిగా నిజం కాదని తెలుస్తుంది.

చిత్రాల కోవలు, వాటి ఆనవాళ్ళు

ఒకే రకమైన చిత్రాల సముదాయాన్ని సినిమా పరిభాషలో జానర్ అంటారు. తెలుగు ప్రేక్షకులకు ఈ భావన కొత్తది కాదు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అనే విభజన తెలుగు సినిమా తొలినాళ్ళ నుండి వాడుకలో ఉన్నదే. తెరపై నారదుడు కనిపిస్తే పౌరాణికమనీ, గుహలో మాంత్రికుడు కనిపిస్తే జానపదమనీ ప్రేక్షకులు వెంటనే గ్రహించేవారు. ఇలా ఒక కోవను పట్టి ఇచ్చే పాత్రలు, స్థలాలు, వస్తువులు, సంగీతం మొదలైనవాటినే ఆ కోవ సంప్రదాయాలు అంటారు.

అమెరికన్ సినిమా పండితుడు రిక్ ఆల్ట్‌మన్ 1984లో ప్రచురించిన వ్యాసంలో వీటిని రెండు పొరలుగా చూడాలని ప్రతిపాదించాడు. మొదటిది విడి విడి వస్తువుల పొర. రోదసి నౌక, రోబో, ప్రయోగశాల, తెల్లకోటు వంటివి ఇందులోకి వస్తాయి. రెండవది ఆ వస్తువుల మధ్య సంబంధాల పొర. మనిషి తాను సృష్టించిన యంత్రానికి లోబడిపోవడం, తెలియని జీవి ఎదురైనపుడు సమాజం భయంతో ప్రవర్తించే తీరు వంటివి ఈ పొరకు చెందుతాయి. విద్యార్థుల చిత్రాలు చాలావరకు మొదటి పొర దగ్గరే ఆగిపోతాయి. అట్టపెట్టెలతో చేసిన యంత్రం ఉంటుంది గాని, దానివలన ఎవరికి ఏమి కష్టం వచ్చినదో తెలియదు.

ఇంకొక ఉపయోగకరమైన భావన సాహిత్య విమర్శకుడు డార్కో సువిన్ 1979లో వెలువరించిన గ్రంథంలో వివరించినది. సైన్స్ ఫిక్షన్ కథలో మన లోకంలో లేని ఒక కొత్త అంశం ఉంటుంది, కథ మొత్తం తర్కబద్ధంగా ఆ ఒక్కదాని నుండి పుట్టుకువస్తుంది అని అతని సిద్ధాంతం. దీనిని అతడు నోవమ్ అన్నాడు. ప్రారంభ సన్నివేశం పని ఈ నోవమ్‌ను చూపడమో, కనీసం దాని నీడను చూపడమో అని చెప్పవచ్చును. రెండు నిమిషాల చిత్రంలో నోవమ్ ఒకటికి మించితే ప్రేక్షకుడు దేనినీ పట్టుకోలేడు.

ప్రసిద్ధ ప్రారంభాలు

ఈ కోవలో తరచుగా కనిపించే ప్రారంభ పద్ధతులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది తెరపై అక్షరాలు. స్టార్ వార్స్ (1977) పైకి జారిపోయే అక్షరాలతో మొదలై, ఆ వెంటనే తెర పైభాగాన్ని అంతటినీ కప్పివేస్తూ సాగే యుద్ధనౌకను చూపుతుంది. బ్రహ్మాండంగా కనిపించే ఆ నౌక నమూనా పొడవు నిజానికి సుమారు మూడు అడుగులు మాత్రమే. దాని ముందు పారిపోయే చిన్న నౌక నమూనా దానికంటే పెద్దది. కెమెరా ఎక్కడ పెట్టారన్నదే ప్రేక్షకుడికి పరిమాణాన్ని నిర్ణయించినది.

ఏలియన్ (1979) ప్రారంభంలోని అక్షరాలు పురాణంలా కాక రవాణా చీటీలా ఉంటాయి. నౌక పేరు, ఏడుగురు సిబ్బంది, మోస్తున్న ఖనిజం బరువు, భూమికి తిరుగు ప్రయాణం ఇంతే వాటిలోని విషయం. వీరు వీరులు కారు, కూలికి పనిచేసే మనుషులు అని ఆ నాలుగు పంక్తులే చెప్పేస్తాయి. బ్లేడ్ రన్నర్ (1982) 2019 నవంబరు నాటి లాస్ ఏంజిల్స్ నగరాన్ని చీకటిలో మంటలు ఎగజిమ్మే పొగగొట్టాలతో పరిచయం చేస్తుంది. గ్రావిటీ (2013) రోదసిలో శబ్దాన్ని మోసే మాధ్యమం లేదని అక్షరాలలో చెప్పి, ఆ తరువాత నిశ్శబ్దాన్ని వాడుకుంటుంది. శూన్యంలో ధ్వని ప్రయాణించదన్నది పాఠశాలలో నేర్చుకొనే భౌతికశాస్త్ర విషయమే అయినా, సినిమాలలో పేలుళ్ళు రోదసిలో సైతం మారుమ్రోగుతూనే ఉంటాయి.

ఖర్చులేని పద్ధతులకు రెండు ఫ్రెంచి చిత్రాలు మంచి ఉదాహరణలు. క్రిస్ మార్కర్ తీసిన లా జెతే (1962) 28 నిమిషాల చిత్రం. ఇది దాదాపు పూర్తిగా నిశ్చల ఛాయాచిత్రాలతోనూ, వ్యాఖ్యానంతోనూ నడుస్తుంది. పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయంలో ఒక బాలుడు చూచిన దృశ్యంతో మొదలై, మూడవ ప్రపంచయుద్ధానంతర కాలానికి వెళుతుంది. జాఁ-లూక్ గొదార్ తీసిన ఆల్ఫావిల్ (1965)లో దూర లోకపు నగరంగా చూపినది ఆనాటి పారిస్‌నే. రాత్రి వేళ గాజు భవనాలు, దీపాలు, నడవాలు తప్ప ప్రత్యేకమైన సెట్టింగులు ఏవీ లేవు.

విద్యార్థులు తీసిన చిత్రాలు

విద్యార్థి దశలో తీసిన సైన్స్ ఫిక్షన్ చిత్రాలలో ప్రసిద్ధమైనది జార్జ్ లూకస్ 1967లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉండగా తీసిన ఎలక్ట్రానిక్ లాబిరింత్: టీహెచ్ఎక్స్ 1138 4ఈబీ. నిడివి సుమారు 15 నిమిషాలు. నిఘా నీడలో బ్రతికే భూగర్భ సమాజం నుండి ఒక వ్యక్తి పారిపోవడమే కథ. అప్పట్లో లూకస్ అమెరికా నౌకాదళ సిబ్బందికి ఛాయాగ్రహణం నేర్పే తరగతిలో సహాయ బోధకుడుగా ఉండేవాడు. ఆ విద్యార్థులే ఈ చిత్రానికి సాంకేతిక బృందం అయ్యారు. వారికి నౌకాదళం ఇచ్చిన రంగుల ఫిల్ము కూడా అక్కరకు వచ్చినది. కార్లు నిలిపే నేలమాళిగలు, కంప్యూటర్ గదులు భవిష్యత్ నగరంగా మారాయి. నిఘా తెరల దృశ్యాలు, రేడియో సంభాషణల వంటి అస్పష్టమైన మాటలు, అంకెలే పేర్లుగా గల మనుషులు ఇందులో కోవకు సంబంధించిన ఆనవాళ్ళు. వీటిలో ఏదీ డబ్బుతో కొనవలసినది కాదు. 1968లో జాతీయ విద్యార్థి చలనచిత్రోత్సవంలో ఈ చిత్రానికి బహుమతి లభించినది. 1971లో ఇదే కథ పూర్తి నిడివి చిత్రంగా వచ్చినపుడు లూకస్ దానిని బక్ రోజర్స్ అనే పాత ధారావాహిక ప్రకటన తునకతో మొదలుపెట్టాడు. పాత సినిమాలు ఊహించిన ఉల్లాసభరితమైన భవిష్యత్తును ముందు చూపి, ఆ వెంటనే పైనుండి క్రిందికి దిగే పేర్లతో తన చీకటి లోకంలోకి తీసుకువెళతాడు. సంప్రదాయాన్ని ముందుగా గుర్తుచేసి తరువాత తలక్రిందులు చేయడానికి ఇది చక్కని నిదర్శనం.

అదే విశ్వవిద్యాలయంలో జాన్ కార్పెంటర్, డాన్ ఒబానన్ 1970లో మొదలుపెట్టిన డార్క్ స్టార్ మొదట విద్యార్థి చిత్రమే. తరువాత పొడిగించబడి 1974లో విడుదలైనది. భూమి నుండి ఒక అధికారి పంపిన వీడియో సందేశంతో ఈ చిత్రం ప్రారంభమవుతుంది. సిబ్బంది అడిగిన రేడియేషన్ కవచాన్ని నిధుల కోత వలన పంపలేమని అతడు నవ్వుతూనే చెబుతాడు. ఒక మనిషి, ఒక కెమెరా, ఒక బల్ల తప్ప ఆ దృశ్యంలో ఏమీ లేకపోయినా నౌక ఎంత దూరంలో ఉన్నదో, అందులోనివారిని భూమి ఎలా మరచిపోయినదో తెలిసిపోతుంది. ఇందులో గ్రహాంతర జీవిగా వాడినది సముద్రతీరంలో ఆడుకొనే గాలిబంతి. ఆ జీవి ప్రేక్షకులను భయపెట్టలేకపోయినదన్న అసంతృప్తితోనే ఒబానన్ తరువాత ఏలియన్ కథను వ్రాయడం గమనించదగినది.

తెలుగు చిత్రాలు, పాలకొల్లు

తెలుగులో సైన్స్ ఫిక్షన్ చిత్రాలు తక్కువ. అద్భుతాలను తెరకెక్కించే పని చాలాకాలం పౌరాణిక, జానపద చిత్రాలే చేశాయి. మాయాబజార్ (1957)లో దూరాన ఉన్న ప్రియమైనవారిని చూపించే ప్రియదర్శిని పేటిక నేటి వీడియో కాల్‌ను తలపిస్తుంది. ఆ చిత్రానికి కె.వి.రెడ్డి వద్ద సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ఆదిత్య 369 తీశాడు. ఇది 1991 జూలై 18న విడుదలైనది. హెచ్.జి.వెల్స్ నవలలోని కాలయంత్రాన్ని తీసుకొని 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, 2504 నాటి భవిష్యత్తుకు కథను నడిపారు. ఈ చిత్రంలో కథను ముందుకు త్రోసేది యంత్రం కాదు, మ్యూజియంలోని రాయలనాటి వజ్రం చోరీ, దానిని చూచిన ఒక పిల్లవాడు. సాంఘిక చిత్ర ప్రేక్షకుడికి అలవాటైన దొంగతనం కథ ద్వారా అలవాటులేని కాలయానంలోకి తీసుకువెళ్ళడం దీని నేర్పు. మాటలు వ్రాసిన జంధ్యాల పాలకొల్లుకు సమీపంలోని నరసాపురంలో జన్మించినవాడు.

పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లు పంచారామాలలో ఒకటైన క్షీరారామానికి ప్రసిద్ధి. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ఈ ఊరివారే కావడంతో సినిమారంగానికి సంబంధించి కూడా దీని పేరు వినబడుతుంది. వీరిలో కోడి రామకృష్ణ (1949-2019) అమ్మోరు (1995), దేవి (1999), దేవీపుత్రుడు (2001), అంజి (2004), అరుంధతి (2009) చిత్రాలతో తెలుగులో గ్రాఫిక్స్ వినియోగానికి మార్గం వేశాడు. ఇవి సైన్స్ ఫిక్షన్ కావు, ఫాంటసీలు. వీటిలో వింతకు కారణం శాస్త్రం కాదు, దైవం లేదా మంత్రం. అయినా 72 ఏళ్ళకొకసారి వచ్చే ఘడియ వంటి ఒక నియమాన్ని ముందే స్థాపించి, కథంతా దానికి కట్టుబడి నడపడంలో అంజి రెండు కోవలకూ ఉమ్మడి పాఠం అందిస్తుంది.

పాలకొల్లుకే చెందిన ప్రశాంత్ వర్మ లఘుచిత్రాల నుండి సినిమాలలోకి వచ్చినవాడు. అతని తొలి చిత్రం అ! (2018)లో కాలయంత్రం తయారుచేయాలని తపించే ఒక వాచ్‌మన్ పాత్ర ఉన్నది. జాంబీ రెడ్డి (2021)లో కరోనా టీకా ప్రయోగం వికటించడాన్ని కర్నూలు ప్రాంతపు ఫ్యాక్షన్ కథతో ముడిపెట్టాడు. హను-మాన్ (2024) 1998 నాటి సౌరాష్ట్రలో సూపర్‌హీరో కావాలనే వెర్రి గల ఒక బాలుడితో మొదలవుతుంది. విదేశీ కోవను ప్రేక్షకుడికి ముందే తెలిసిన దేశీ కోవతో జతచేయడం ఈ దర్శకుడి పద్ధతి. నాగ్ అశ్విన్ తీసిన కల్కి 2898 ఏడీ (2024) సైతం కురుక్షేత్రంలో అశ్వత్థామకు శాపంతో ప్రారంభమై, ఆపైనే భవిష్యత్తులోని కాశీకి చేరుతుంది. ఈ చిత్రానికి సింగీతం సలహాదారుగా ఉంటారని నిర్మాణ సంస్థ 2020లో ప్రకటించినది.

డెల్టా ప్రాంతం చిత్రీకరణ స్థలంగా

నోవమ్ మనకు తెలిసిన స్థలంలో ఉన్నపుడే ఎక్కువ పనిచేస్తుందన్నది లా జెతే, ఆల్ఫావిల్ చిత్రాలు చూపిన సత్యం. ఈ దృష్టితో చూస్తే గోదావరి డెల్టా సైన్స్ ఫిక్షన్‌కు పేదది కాదు. రాత్రి వేళ రొయ్యల చెరువులలో వరుసగా తిరిగే ఏరియేటర్ల తెల్లని నురుగు, గట్ల మీది దీపాలు, మోటారు రొద వేరే గ్రహపు వ్యవసాయంగా కనిపించగలవు. చించినాడ వంతెన మీది పొగమంచు, పాడుబడిన రైసుమిల్లులోని పట్టాలు, తూములు, కాలువ నీటిలో కొబ్బరిచెట్ల ప్రతిబింబం తలక్రిందులుగా చూపిన ఫ్రేము ఇటువంటివే. బ్లేడ్ రన్నర్ ప్రారంభంలోని మంటలు ఈ ప్రాంతీయులకు ఊహాజనితం కూడా కావు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి పలువురు మరణించారు. ఈ ప్రాంత విద్యార్థి మంటతో ఆరంభించదలచితే అది అలంకారంగా మిగలదు. చూచేవారిలో ఆ రోజులు గుర్తున్నవారు ఉంటారు. అటువంటపుడు మంటను చూపక, దూరంగా ఎర్రబారిన ఆకాశాన్నీ, ఇల్లు వదలి గట్టు వెంట నడిచే కుటుంబాన్నీ చూపడం ఉచితం, చవక కూడా.

శబ్దం విషయంలో విద్యార్థులు ఎక్కువ శ్రద్ధ చూపవలసి ఉన్నది. చిత్రంలో లోకం మారినదని చెప్పడానికి దృశ్యం కంటే ధ్వని తక్కువ ఖర్చుతో పనిచేస్తుంది. ఫ్రిజ్ మోటారు శబ్దాన్ని వేగం తగ్గించి వాడితే పెద్ద యంత్రపు గుండె చప్పుడు అవుతుంది. ఉదయాన పల్లెలో వినిపించవలసిన కోడికూత, గుడి మైకు, పడవ ఇంజను వీటిలో ఒకదానిని తీసివేసినా ఏదో జరిగినదని ప్రేక్షకుడికి అనిపిస్తుంది.

తరచుగా కనిపించే లోపాలు

విద్యార్థి చిత్రాలలో లోకం గురించి అంతా వ్యాఖ్యాత చేత చెప్పించడం పెద్ద లోపం. సంవత్సరం, యుద్ధం, వైరస్, ప్రభుత్వం, తిరుగుబాటు అన్నీ మొదటి అర నిమిషంలోనే వస్తాయి, తరువాత చూపడానికి ఏమీ మిగలదు. నీలిరంగు వేస్తే భవిష్యత్తు అవుతుందన్న నమ్మకం ఇంకొకటి. హాలీవుడ్ చిత్రాలను అనుకరించి పాత్రలకు ఆంగ్ల నామాలు, తోలు కోట్లు పెట్టడం కూడా జరుగుతూ ఉంటుంది. ఉక్కపోసే డెల్టాలో తోలు కోటు వేసుకున్న మనిషి భవిష్యత్తు నుండి వచ్చాడని ఎవరూ నమ్మరు, చెమట ముందు కనిపిస్తుంది. అదే మనిషి లుంగీ కట్టుకొని, చెరువు గట్టున కూర్చొని, నీటి నాణ్యత చూచే మీటరులో తన పేరు కనబడడం గమనించి లేచి నిలబడితే కథ మొదలైనట్లే.