కమాను నుంచి డిజిటల్ మాస్టరింగ్ దాకా: ధ్వనితీవ్రతపై ఒక చారిత్రక పరిశీలన

సారాంశం:
రికార్డు బిగ్గరగా వినిపించాలన్న కోరిక గ్రామఫోన్ కాలం నుంచీ ఉన్నదే. అయితే ఆ కోరికకు కారణం ప్రతి యుగంలోనూ మారింది. మాధ్యమాల పరిమితి వల్ల మొదలైన ఈ అవసరం డిజిటల్ యుగంలో కేవలం పోటీగా మిగిలింది. విశాఖపట్నం, విజయనగరం ప్రాంతాల సంగీతచరిత్రను, ముఖ్యంగా ద్వారం వేంకటస్వామినాయుడు వాద్యసంప్రదాయాన్ని ఆధారంగా చేసుకొని, తీవ్రతాభేదాన్ని చెరపకుండా రికార్డుకు తగిన బిగువు తేవడం ఎలాగో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ధ్వనితీవ్రత, తీవ్రతాభేదం, మాస్టరింగ్, కంప్రెసర్, లిమిటర్, ద్వారం వేంకటస్వామినాయుడు, ఆకాశవాణి.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో "గొంతు పెంచు" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి స్థాయిని పెంచడం, రెండవది ధ్వనిని పెంచడం. మంద్ర, మధ్య, తారస్థాయిల గురించి సంగీతశాస్త్రం విస్తారంగా చర్చించింది. మెల్లగా, గట్టిగా పలికించడమనే భేదాన్ని మాత్రం చాలావరకు గురుముఖతః నేర్చుకోవలసిన విషయంగానే వదిలింది. భరతుడు నాట్యశాస్త్రంలో ఉచ్చ, దీప్త, మంద్ర, నీచ, ద్రుత, విలంబితాలనే ఆరు పాఠ్యాలంకారాలను చెప్పి, సందర్భాన్ని బట్టి వాటి వినియోగాన్ని నిర్దేశించాడు. ఒకే తీరున సాగే పలుకు రసపోషణకు చాలదన్న ఎరుక ఆ విభజనలో ఉంది. ఒక రచనలో అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య ఉండే ఎడాన్ని ఈ వ్యాసంలో 'తీవ్రతాభేదం' అని వ్యవహరించడం జరిగింది.

2. ద్వారం వారి వాద్యం - స్వతంత్ర కచేరి:
ద్వారం వేంకటస్వామినాయుడు 1893లో బెంగుళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ఆ కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం, 1936లో అధ్యక్షపదవి చేపట్టారు. 1941లో సంగీత కళానిధి పురస్కారం ఆయనను వరించింది.

అప్పటికి కర్ణాటక సంగీతంలో వయొలిన్ ప్రధానంగా పక్కవాద్యం. పక్కవాద్యపు ధ్వనితీవ్రతకు హద్దు గాయకుని గొంతు. గాయకుని మించకూడదు, మరీ వెనుకబడకూడదు. 1938లో వెల్లూరులో ద్వారం తొలి స్వతంత్ర కచేరి జరిగింది. స్వతంత్ర కచేరిలో ఆ హద్దు తొలగిపోతుంది. కమానుపై ఒత్తిడి, దాని వేగం, తీగపై అది తాకే చోటు - ఈ మూడింటి ద్వారా ధ్వనిని సన్నగిల్లజేయడం, నిండుగా లేపడం వాదకుని చేతిలోకి వస్తాయి. తీవ్రతాభేదం ఇక్కడ అలంకారం కాదు, భావానికి వాహిక.

3. గ్రామఫోన్ విధించిన హద్దులు:
1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాటలతో భారతదేశంలో వాణిజ్య ధ్వనిముద్రణ ఊపందుకుంది. తొలిరోజుల్లో మైకు లేదు. గాయకులు లోహపు కొమ్ములోకి పాడితే, ఆ గాలి ఒత్తిడే సూదిని కదిలించి మైనంపై గాడి చెక్కేది. మెల్లని ధ్వని గాడిలోకి ఎక్కేదే కాదు. అందువల్ల వెనుకవరుసకు కూడా వినిపించేలా పద్యం పాడే నాటకసమాజాల గొంతులకు ఆ యంత్రం అనుకూలించింది. 1925లో విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చాక మృదుస్వరాలకూ చోటు దొరికింది. మైకు ముందు నెమ్మదిగా పలికే గానశైలికి అదే పునాది.

అయినా లక్కరికార్డుకు రెండువైపులా హద్దులున్నాయి. ధ్వని మరీ మెల్లనిదైతే సూది రాపిడి శబ్దంలో మునిగిపోతుంది. మరీ గట్టిదైతే గాడి పక్కగాడిని తాకుతుంది. ధ్వని పెరిగేకొద్దీ గాడి ఊగే వెడల్పు పెరిగి, ఒకవైపు పట్టే నిడివి తగ్గుతుంది. పది అంగుళాల రికార్డుకు ఒకవైపు మూడు నిమిషాలు మాత్రమే దక్కే కాలంలో ఇది చిన్న విషయం కాదు. గంటసేపు విస్తరించే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించినట్టే, తీవ్రతాభేదాన్నీ ఆ రెండు హద్దుల మధ్యకు కుదించవలసి వచ్చింది. ఇది యంత్రధర్మమే తప్ప కళాకారుని అభిమతం కాదు.

4. ఆకాశవాణి, క్యాసెట్ - వినేచోటు మారిన వైనం:
విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైంది. మీడియం వేవ్ ప్రసారంలో ధ్వనిసంకేతం నిర్ణీత పరిమితిని దాటితే వక్రీకరణ ఏర్పడుతుంది. మరీ తగ్గితే దూరప్రాంత శ్రోతకు గరగర తప్ప ఏమీ వినిపించదు. కాబట్టి మీటరు ముల్లును చూస్తూ చేతితో ధ్వనిని సర్దే ఇంజినీరు, ఆయన వెనుక కాపలాగా లిమిటర్ ప్రసారానికి అవసరమయ్యారు.

1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1980ల నాటికి క్యాసెట్ ఇంటింటికీ చేరింది. ఓడరేవు, కర్మాగారాలు, గాజువాక మార్గపు బస్సులు, దుకాణాలు ఉన్న నగరంలో సంగీతం వినేచోటు నిశ్శబ్దమైన సభామందిరం కాదు. ఇంజన్ హోరులో మెల్లని స్వరం వినిపించదు. అందువల్ల ధ్వనిని దగ్గరకు నొక్కి పైకి లేపడం శ్రోతకు చేసిన మేలే. అయితే ఆ సర్దుబాటు బస్సులో వినేవారికోసం చేసినది. దానినే మూలప్రతిపై శాశ్వతంగా ముద్రిస్తే, ఇంట్లో శ్రద్ధగా వినేవారికి అసలు సంగీతం అందకుండా పోతుంది.

5. డిజిటల్ యుగం - తీవ్రతకోసం పోటీ:
1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్క్ దాదాపు 96 డెసిబెళ్ల పరిధిని అందించింది. లక్కరికార్డుతో పోలిస్తే ఇది అపారమైన విశాలత. ఆ విశాలతను వాడుకోవలసిన చోట పరిశ్రమ దానిని ఇరుకు చేసింది. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ దాటరాని పైకప్పు. శిఖరాలను కోసి మిగిలిన ధ్వనినంతా ఆ కప్పు దాకా లేపితే, పక్కన వచ్చే పాట కంటే ఈ పాట బిగ్గరగా వినిపిస్తుంది. రాబోయే శిఖరాన్ని ముందే పసిగట్టి అణచే వేవ్స్ సంస్థ ఎల్1 లిమిటర్ 1994లో వచ్చాక ఈ పని సులువైంది. 2008లో మెటాలికా బృందం 'డెత్ మాగ్నెటిక్' ఆల్బం విడుదలైనప్పుడు, అవే పాటల వీడియోగేమ్ ప్రతిలో తీవ్రతాభేదం మెరుగ్గా ఉందని అభిమానులే గుర్తించి నిరసించారు.

ఈ పోటీకి మూలం చెవి స్వభావం. ధ్వని తగ్గినప్పుడు బొంగురు స్వరాలు, సన్నని స్వరాలు చెవికి మరింత తగ్గినట్టు తోస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లో నిరూపించారు. అందుచేత కాస్త బిగ్గరగా ఉన్నది నిండుగా, మేలుగా ఉందన్న భ్రమ కలుగుతుంది.

6. కొలత మారింది, ఫలితం మారింది:
శిఖరాన్ని కాక, చెవికి తోచే సగటు తీవ్రతను కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో ప్రమాణీకరించింది. 2010లో యూరోపియన్ ప్రసార సంఘం −23 ఎల్‌యుఎఫ్ఎస్‌ను ప్రసారప్రమాణంగా నిర్ణయించింది. యూట్యూబ్, స్పాటిఫై వంటి వేదికలు సుమారు −14 వద్ద పాటలను సమం చేస్తున్నాయి. −8 వద్ద నొక్కిపెట్టిన పాటను వేదిక 6 డెసిబెళ్లు తగ్గిస్తుంది. −14 వద్ద ఉన్న పాట యథాతథంగా వినిపిస్తుంది. అప్పుడు రెండింటి సగటు ఒక్కటే. కాని మొదటిదానిలో మృదంగపు దెబ్బ మొద్దుబారి ఉంటుంది, రెండవదానిలో విడిగా పలుకుతుంది. పోగొట్టుకొన్నదానికి ప్రతిఫలం ఏమీ లేదు.

కాబట్టి మాస్టరింగ్‌లో క్రమం ముఖ్యం. ముందుగా మరీ ఎగిసిన, మరీ అణగిన పంక్తులను చేతితో సర్దాలి. కంప్రెసర్‌ను 4:1 నిష్పత్తిలో పెడితే, నిర్ణీత గీతను 8 డెసిబెళ్లు దాటిన ధ్వని 2 డెసిబెళ్లే దాటుతుంది. శాస్త్రీయ సంగీతానికి ఇంతకంటే తక్కువ నిష్పత్తి చాలు. కంప్రెసర్ స్పందన కొంచెం ఆలస్యంగా మొదలైతే మృదంగపు తొలిదెబ్బ చెక్కుచెదరదు. లిమిటర్ చివర, అరుదైన శిఖరాలకు మాత్రమే పనిచేయాలి. శుద్ధి చేసిన ప్రతినీ మూలాన్నీ ఒకే తీవ్రతకు సమం చేసి పోల్చనిదే ఏది మేలో తేల్చరాదు.

7. పాత రికార్డుల పునఃప్రచురణ:
ఈ విషయం పాత లక్కరికార్డుల దగ్గర అత్యంత కీలకమవుతుంది. అప్పటికే ఒకసారి కుదిరిన తీవ్రతాభేదం వాటిలో కొద్దిగానే మిగిలి ఉంది. లిమిటర్‌తో బిగువు పెంచితే మెల్లని స్వరంతో పాటు సూది రాపిడీ పైకి లేస్తుంది. ఆ రాపిడిని తొలగించబోతే, అదే పౌనఃపున్యాలలో ఉండే కమాను ఒరిపిడి, స్వరం సన్నగిల్లే తోక కూడా తుడుచుకుపోతాయి. ద్వారం వంటి వాదకుని కళకు ఆధారం అక్కడే ఉంది. తాళపత్రప్రతిని పరిష్కరించే పండితుడు మూలపాఠాన్ని చెరిపి తన పాఠం రాయడు, పాఠాంతరంగా చూపుతాడు. ధ్వనిముద్రణకూ ఈ నియమమే వర్తించాలి.

8. ముగింపు:
1. గ్రామఫోన్, ఆకాశవాణి, క్యాసెట్ కాలాలలో తీవ్రతాభేదాన్ని కుదించడం మాధ్యమం, వినేచోటు విధించిన అవసరం. డిజిటల్ మాధ్యమంలో ఆ అవసరం లేదు.
2. వేదికలే తీవ్రతను సమం చేస్తున్నందువల్ల అతిగా నొక్కిన పాటకు ప్రయోజనం శూన్యం.
3. రణగొణధ్వనిలో వినేవారికి కావలసిన కుదింపు వినే పరికరంలో ఉండవచ్చు, మూలప్రతిలో ఉండరాదు.
4. పాత రికార్డుల విషయంలో శుద్ధి చేయని డిజిటల్ ప్రతిని విడిగా భద్రపరచి, వినిపించే ప్రతిని దాని నుంచి రూపొందించాలి. అలా చేయనినాడు ఒక తరం వాద్యరీతి రికార్డు రూపంలో మిగిలే ఉన్నా, పరిశోధకునికి దక్కదు.