కండువా మారిన రోజుకూ తీర్పు వచ్చిన రోజుకూ మధ్య

మార్టూరుకు అటు అద్దంకి, ఇటు చీరాల. ఫిరాయింపుల చట్టం ఎక్కడ చతికిలపడిందో తెలుసుకోవడానికి ఈ రెండు నియోజకవర్గాలు చాలు. 2008 పునర్విభజనలో మార్టూరు నియోజకవర్గం రద్దయింది, మండలం పర్చూరులో కలిసింది. అంతకుముందు 2004లో అక్కడి నుంచి శాసనసభకు వెళ్లిన గొట్టిపాటి రవికుమార్ 2014లో అద్దంకిలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి, 2016లో తెలుగుదేశంలో చేరారు. 2019లో చీరాలలో తెలుగుదేశం తరఫున గెలిచిన కరణం బలరామకృష్ణమూర్తి 2020 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్ వైపు వెళ్లారు.

జెండాలు తారుమారయ్యాయి. పద్ధతి మాత్రం ఒకటే.

1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించడం, నెల తిరిగేసరికి ఆయన దిగిపోక తప్పకపోవడం తెలుగువాళ్లు మరిచిపోలేదు. మరుసటి ఏడాదే 52వ సవరణతో రాజ్యాంగంలోకి ఫిరాయింపుల చట్టం, అంటే పదో షెడ్యూల్ వచ్చింది. మూడో వంతు సభ్యులు చీలితే తప్పు కాదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. అనర్హుడైన సభ్యుడు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదన్న నిబంధన కూడా అప్పుడే చేరింది.

ఆ నిబంధన మంచిదే. కానీ అనర్హుడని ముందు ఎవరో తేల్చాలి కదా! ఆ అధికారం స్పీకర్‌ది. స్పీకర్‌ను ఎన్నుకునేది సభలో మెజారిటీ ఉన్న పక్షం. 2014లో గెలిచిన 67 మంది వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 23 మంది తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్ 2న మంత్రులుగా ప్రమాణం చేశారు. అనర్హత పిటిషన్లు తేలనే లేదు కాబట్టి 2003 నిబంధన వారికి అడ్డు రాలేదు. ఓటరు బీ-ఫారం మీద వచ్చిన గుర్తును చూసి మీట నొక్కాడు. ఆ గుర్తుతో గెలిచిన వ్యక్తి రాజీనామా చేయకుండా, తాను ఎవరి మీద గెలిచారో వారి మంత్రివర్గంలోనే కూర్చున్నారు. ఓటరుకు జరిగిన ఈ అన్యాయాన్ని రాజకీయ చతురత అనడం తగదు.

తర్వాతి సభలో బలరాం సహా ఎనిమిది మందిపై స్పీకర్ తమ్మినేని సీతారాం వేటు వేశారు, నలుగురు తెలుగుదేశం తరఫున, నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచినవారు. కానీ అది 2024 ఫిబ్రవరిలో, మే ఎన్నికలకు మూడు నెలల ముందు. చీరాల మార్పుకు అప్పటికి దాదాపు నాలుగేళ్లు.

అనర్హతపై తీర్పును స్పీకర్ చేతి నుంచి తప్పించాలని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. ఎన్నికల సంఘం సలహాపై రాష్ట్రపతి, గవర్నర్ నిర్ణయించాలన్నది దాని సిఫారసు. సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచిన పదిమంది విషయంలో తెలంగాణ స్పీకర్‌కు 2025 జులై 31న అదే గడువు పెట్టింది. ప్రతి కేసుకూ కోర్టు మెట్లెక్కాల్సిన పని లేకుండా పదో షెడ్యూల్ ఆరో పేరాలోనే ఆ గడువు రాసి ఉంటే, చీరాల పిటిషన్ ఆ సభ తొలి సగంలోనే తేలి, ఉప ఎన్నికకు సమయం మిగిలేది.