రంగు చూసి, పొత్తు చూసి

1719లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో లూయి రెనార్ అనే ప్రచురణకర్త చేపలు, రొయ్యలు, పీతల బొమ్మలతో ఒక పుస్తకం అచ్చువేయించాడు. అందులో 460 బొమ్మలున్నాయి. ప్రతి బొమ్మకూ చేత్తో రంగులద్దారు. వాటిలో చాలావాటికి మూలం ఈనాటి ఇండొనేషియాలోని అంబాన్ దీవి. అక్కడ డచ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న శామ్యూల్ ఫాలూర్ గీసినవి అవి. నీలం మీద పసుపు చారలు, ఎరుపు మీద ఊదా మచ్చలు. ఒక్కో చేప ఒంటి మీద సూర్యచంద్రులు, మనిషి ముఖాలు కూడా. చివర్లో ఒక మత్స్యకన్య కూడా ఉంది. బూడిదరంగు సముద్రాలు తప్ప ఎరుగని యూరప్ పండితులు ఇదంతా కట్టుకథ అనుకున్నారు. తరువాతి కాలపు చేపల శాస్త్రవేత్తలు ఆ బొమ్మలను అసలు చేపలతో పోల్చి చూస్తే చాలావాటిని ఫలానా జాతి అని గుర్తుపట్టగలిగారు. చిత్రకారుడు కొంత పెంచి గీసిన మాట నిజమే, కాని పగడపు దిబ్బల చేపలకు రంగుల లోటు లేదన్నదీ నిజమే.

ఈ రంగులు కాగితం మీద నుంచి ఇంట్లోని గాజు తొట్టిలోకి రావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. సముద్రపు తొట్టిని ఇంట్లో నిలిపిన తొలి వ్యక్తుల్లో ఒకరైన అన్నా థిన్ పెంచింది అసలు చేపల్నే కాదు. 1846లో ఆమె ఇంగ్లండు తీరంలోని టార్కీ నుంచి చల్లనీటి పగడాలను లండన్ ఇంటికి తెచ్చుకుంది. నీటికి గాలి తగలాలని పనిమనిషి చేత ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి గంటలకొద్దీ పోయించింది. 1850 నాటికి రాబర్ట్ వారింగ్టన్ చేప, మొక్క, నత్త ఒకదాన్నొకటి బతికించుకుంటాయని చూపించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపలశాల తెరుచుకుంది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన 'ది అక్వేరియం' పుస్తకం వచ్చాక, మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లో సముద్రపు తొట్టి ఒక మోజుగా మారింది. అప్పటికి తొట్టిలో జీవుల పొత్తు అంటే ఒకటే లెక్క: ఎవరు ఎవరిని తినకుండా ఉంటారు? ఆ మోజుకు తీరం ఎంత మూల్యం చెల్లించిందో గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధతో రాశాడు. తాను చిన్ననాడు తండ్రితో కలిసి చూసిన రాతి మడుగులు సేకరణదారుల చేతిలో బోసిపోయాయని అన్నాడు.

ఉష్ణమండలపు సముద్రపు చేపలు ఇళ్లకు చేరడం రెండో ప్రపంచ యుద్ధం తరువాతి సంగతి. విమాన రవాణా, ఆక్సిజన్ నింపి కట్టే ప్లాస్టిక్ సంచి, విద్యుత్ హీటరు దీనికి దారి వేశాయి. 1959లో అమెరికాలో రాబర్ట్ స్ట్రాఘన్ ఇంటి ఉప్పునీటి తొట్టి మీద పుస్తకం రాశాడు. 1964లో ఇన్‌స్టంట్ ఓషన్ పేరుతో కృత్రిమ సముద్రపు ఉప్పు బజారుకొచ్చాక సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకూ తొట్టి అందుబాటులోకి వచ్చింది. ఆ రోజుల్లో చేపను ఎంచడానికి కొలమానం ఒక్కటే: బతికి ఉంటుందా? కొత్త తొట్టిలో చేప విసర్జించే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. ఆ విషపు నీటిని ఓర్చుకునే గట్టి పిండం డామ్సెల్ అనే చేప. అందుకే ముందు నాలుగు నీలి డామ్సెల్‌లు వేయమని దుకాణదారులు చెప్పేవారు. ఇది మంచి సలహా కాదు. ముందు వచ్చిన డామ్సెల్ తొట్టి మొత్తాన్ని తన సొంతం చేసుకుంటుంది. తరువాత ఎంత ఖరీదైన చేపను తెచ్చి వదిలినా దాన్ని మూలకు తరిమి రెక్కలు కొరుకుతుంది. చేప లేకుండానే అమ్మోనియా చుక్కలు వేసి తొట్టిని సిద్ధం చేసే పద్ధతి ఈనాడు అందరికీ అందుబాటులో ఉంది. జీవిని హింసపెట్టి నీటిని పరీక్షించాల్సిన అవసరం లేదు.

రంగుకూ తగాదాకూ లంకె ఉందని మొదట గట్టిగా చెప్పినవాడు ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్. దూకుడు స్వభావం మీద 1963లో ఆయన రాసిన పుస్తకం పగడపు చేపలతోనే మొదలవుతుంది. ఫ్లోరిడా తీరపు నీళ్లలో, తన ప్రయోగశాల తొట్లలో ఆయన గమనించింది ఇది: ముదురు రంగులు, స్పష్టమైన చారలున్న చేపలు వేరే జాతి చేపను పెద్దగా పట్టించుకోవు, తమ రంగు వేసుకున్న తమ జాతి చేప కంటబడిందా, వెంటపడి కొరుకుతాయి. ఒకే జాతి అయితే తిండీ ఒకటే, గూడూ ఒకటే. కాబట్టి ఒంటిమీది రంగు 'ఈ బండ నాది' అనే ప్రకటన అని ఆయన వాదించాడు. ఈ వాదం అన్ని చేపలకూ సరిపోదని తరువాత తేలింది. రంగురంగుల సీతాకోక చేపలు జంటగా తిరుగుతాయి, నారింజరంగు ఆంథియాస్‌లు గుంపులుగా ఉంటాయి. 2000లో జస్టిన్ మార్షల్ ఇంకో సంగతి చూపించాడు: దగ్గర నుంచి మెరిసే పసుపు, నీలం పక్కపక్క చారలు దూరానికి కలిసిపోయి చేపను దాచిపెడతాయి. అయినా ఇంటి తొట్టికి లోరెంజ్ చూపిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్న రెండు చేపలను చిన్న తొట్టిలో కలపకూడదు. ఎంపరర్ ఏంజెల్ పిల్లను చూడండి: ముదురు నీలం మీద తెల్లని వలయాలు. పెద్దదైతే పసుపు చారలు. పిల్ల ఒంటి మీద పెద్దల రంగు లేకపోవడమే దాన్ని పెద్దల దెబ్బల నుంచి కాపాడుతుందని చాలామంది భావన.

1960ల దాకా ఉష్ణమండలపు తొట్టిలో పగడం అంటే సాధారణంగా తెల్లబారిన ఎముకే. సముద్రపు రాళ్లను సజీవంగా తెచ్చి, గాలిబుడగలతో, సూర్యకాంతితో సహజమైన పద్ధతిలో తొట్టి నడపవచ్చని 1961లో జకార్తాలోని లీ చిన్ ఎంగ్ అమెరికా పత్రికకు రాశాడు. 1970లలో పీటర్ విల్కెన్స్, బెర్లిన్ అభిరుచిదారులు ఆ సజీవ రాళ్లనూ (లైవ్ రాక్), మలినాలను నురుగుగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్‌నూ, బలమైన దీపాలనూ కలిపి రాతి పగడాలను పెంచి చూపారు. 1986లో జార్జ్ స్మిట్ అమెరికాలో 'మినీ రీఫ్' వ్యాసాలు రాయడంతో ఇది ఇళ్లకు పాకింది. ఇక్కడ చేపల ఎంపిక తలకిందులైంది. పగడం తొట్టికి యజమాని, చేప అతిథి. పగడపు నోళ్లను పొడుచుకు తినే సీతాకోక చేపలు, పెద్ద ఏంజెల్‌లు జాబితా నుంచి తప్పుకున్నాయి. చిన్నవీ, నెమ్మదైనవీ ముందుకొచ్చాయి.

వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాయల్ గ్రామా. క్యూబా ప్రకృతి శాస్త్రవేత్త ఫెలిపె పోయీ 1868లో శాస్త్రానికి పరిచయం చేసిన కరీబియన్ చేప. పొడవు ఎనిమిది సెంటీమీటర్లకు మించదు. ముందు సగం ఊదా, వెనుక సగం పసుపు. రాతి చూరు కింద తలకిందులుగా వేలాడుతూ బతుకుతుంది. తన గూటి దగ్గరకు ఎవరైనా వస్తే నోరు పెద్దగా తెరిచి బెదిరిస్తుంది తప్ప సాధారణంగా కొరకదు. అయితే దుకాణంలో దీని పక్కనే అచ్చం ఇవే రంగులున్న రాయల్ డాటీబ్యాక్ కనిపిస్తుంది. అది చిన్న చేపలను వేధించే గయ్యాళి. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. గ్రామాలో ఊదా పసుపులోకి చుక్కలు చుక్కలుగా కరిగిపోతుంది, వీపు రెక్క మీద నల్లమచ్చ ఉంటుంది. డాటీబ్యాక్‌లో రెండు రంగులూ గీత గీసినట్టు తెగిపోతాయి, ఆ మచ్చ ఉండదు. రంగులు ఒకటే, గుణాలు రెండు. ఎర్రసముద్రపు ఫ్రిడ్‌మన్ డాటీబ్యాక్ మాత్రం ఆ కుటుంబంలో కాస్త సాధువు. నిలువెల్లా ఊదారంగు. ఎర్రతోక ఫైర్‌ఫిష్ అందమైనదే గాని బెదిరితే తొట్టి మీంచి దూకుతుంది, మూత లేకుండా పెంచరాదు.

క్లౌన్‌ఫిష్ సంగతి వేరు. పుట్టుకతో అన్నీ మగవైపే ఉంటాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే దాని జంట మగచేపే ఆడదిగా మారుతుందని హన్స్ ఫ్రికే, సీమోన్ ఫ్రికే 1977లో ప్రకటించారు. అందుకే రెండు చిన్న పిల్లలను ఒకేసారి, ఒకటి కాస్త పెద్దదిగా చూసి కొంటే అవే జంటకడతాయి. సముద్రంలో వాటికి ఆశ్రయమిచ్చే ఎనిమోన్ లేకున్నా వాటికి బతుకు సాఫీగా సాగుతుంది. గుడ్లు రాతికి అంటించే అలవాటు వల్ల వాటిని తొట్టిలో పునరుత్పత్తి చేయించడం తేలిక. 1970ల మొదట్లోనే ఫ్లోరిడాలో మార్టిన్ మో దీన్ని వ్యాపార స్థాయిలో సాధించాడు. రోటిఫర్ అనే సూక్ష్మజీవిని మేతగా వేస్తే పిల్ల పదిరోజుల్లో తల్లి రూపానికి వస్తుంది. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చాక పిల్లలు అడిగే చేప ఇదే అయింది. పెంపకపు చేప అప్పటికే బజారులో ఉండటం సముద్రానికి మేలే.

అదే ఏడాది ఐక్యరాజ్యసమితి సంస్థ ఒకటి లెక్కలు తేల్చింది. ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల సముద్రపు అలంకార చేపల వ్యాపారం సాగుతోంది, 1,471 జాతులు. వాటిలో తొట్టిలో బతకలేనివీ పెద్దసంఖ్యలో ఉన్నాయి. మాండరిన్ చేప అందానికి సాటిలేదు. కాని అది రాళ్ల మీది కోపెపాడ్‌లనే సన్నని జీవులను రోజంతా ఏరుకు తింటుంది. చిన్న కొత్త తొట్టిలో ఆ మేత కొద్దిరోజుల్లో అయిపోతుంది, చేప కళ్ల ముందే చిక్కిపోతుంది. క్లీనర్ రాస్ కూడా ఇతర చేపల ఒంటి పరాన్నజీవుల మీద బతికేదే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సయనైడ్ చల్లి చేపలను మత్తెక్కించి పట్టారు. పట్టిన చేప కొనుగోలుదారు ఇంట వారాల్లో చనిపోవచ్చు, సయనైడ్ తగిలిన పగడమూ పోతుంది. ఇండొనేషియాలోని బంగాయ్ దీవుల్లో 1994లో శాస్త్రవేత్తలు మళ్లీ కనుగొన్న కార్డినల్ చేప ఇంకో హెచ్చరిక. మగచేప పిల్లలను నోట్లో మోస్తుంది. పిల్లలు నీటిలో దూరం కొట్టుకుపోవు, కనుక ఒకచోట ఖాళీ చేస్తే మరోచోటి నుంచి రావు. 2007కల్లా అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. ఇప్పుడు పెంపకపు బంగాయ్ కార్డినల్ దొరుకుతోంది. దాన్నే అడిగి కొనాలి.

మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా అండమాన్, లక్షద్వీప్, మన్నార్, కచ్ ప్రాంతాల్లో ఉన్నాయి. 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి; మన సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. ఇది తెలియక ఎవరో తెచ్చిచ్చిన ముక్కను తొట్టిలో పెట్టినా చిక్కే. చేపలకైతే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) కేంద్రాలు విళింజం, మండపం, కోచి వంటిచోట్ల క్లౌన్‌ఫిష్, డామ్సెల్‌ల పెంపకాన్ని అభివృద్ధి చేశాయి. విజయవాడ, హైదరాబాదుల మే నెల వేడిలో 26 డిగ్రీల దగ్గర నీటిని నిలపాలంటే చల్లబరిచే చిల్లర్ తప్పదు. ముప్ఫై దాటితే పగడం తనలోని శైవలాలను వదిలేసి తెల్లబారుతుంది. దుకాణంలో చేపను తీసుకునేముందు దానికి మేత వేయించి తింటుందో లేదో చూడండి. ఇంటికి తెచ్చాక నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, ముందుగా నెమ్మదైనదాన్నీ చివరగా తగువులమారినీ వదలండి.

పచ్చని పసుపు ఎల్లో ట్యాంగ్ చాలాకాలం హవాయి సముద్రంలోంచే వచ్చింది. అక్కడ పట్టుబడి మీద వాదాలు నడిచి, 1998 చట్టం తరువాత పశ్చిమ తీరంలో కొంత భాగాన్ని అలంకార చేపల సేకరణకు మూసేశారు. గుడ్లు నీటిలో తేలుతూ, పిల్ల వారాలపాటు సముద్రంలో కొట్టుకుపోయే ఈ జాతిని పెంచడం ఏళ్ల తరబడి సాధ్యం కాలేదు. 2015లో హవాయి ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు సాధించారు. ఇప్పుడు పెంపకపు ఎల్లో ట్యాంగ్‌లు కొన్ని దేశాల దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఎక్కడ పుట్టినా అది ఇరవై సెంటీమీటర్లకు ఎదుగుతుంది, రోజంతా ఈదుతుంది. నాలుగడుగుల కన్నా చిన్న తొట్టి ఉన్నవారు దాన్ని కొనకుండా ఒక గ్రామాతో, ఒక క్లౌన్ జంటతో ఆగడం మంచిది.