కువైట్ వాళ్ళ పోపుల డబ్బా

పోయిన వారం మధ్యాహ్నం వసారాలో కూర్చుని బుడ్డలు, అదే వేరుశనగకాయలు, ఒలుచుకుంటూ ఉంటే మా వెనకింటి కోడలు వచ్చింది. తనూ చేట ముందుకు లాక్కుని నాలుగు కాయలు ఒలిచింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కా, కువైట్‌కు పోదామనుకుంటున్నా. రెండేండ్లు. పిల్లోణ్ణి మా అమ్మ చూసుకుంటాదంట. నువ్వేమంటావు?"

ఏమనాలి? పని కోసం ఊరు విడవడం మా నందవరం వైపు కొత్తేం కాదు. వాన మొహం చాటేసిందంటే సుగ్గికి పోతారు. పంట చేతికొచ్చే ఊళ్ళకు కూలికి పోవడాన్ని మేం సుగ్గి అంటాం. గుంటూరు మిరప కోతలకు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి బస్సెక్కే వాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కువైట్ దారి మాత్రం పాత కడప జిల్లా వాళ్ళకు ఎక్కువ అలవాటు. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఆడవాళ్ళు అక్కడి ఇళ్ళలో వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి పోతూనే ఉన్నారు. రాయచోటికి కాపురానికి వెళ్ళిన మా చిన్నమ్మ కూడా అట్లే పోయింది.

"రేపు సాయంత్రం రా, మాట్లాడుకుందాం" అని పంపించాను. ఆ రాత్రంతా చిన్నమ్మే గుర్తొచ్చింది. ఆమె కథ చెప్పాలంటే ముందు ఆ దేశం కథ చెప్పాలి.

కువైట్ ఒకప్పుడు చమురు దేశం కాదు, ముత్యాల దేశం. అక్కడి పడవలు ముత్యాలు, ఖర్జూరాలు తీసుకుని బొంబాయికి వచ్చేవి. మన దగ్గర నుంచి బియ్యం, బట్టలు, కలప తీసుకుని పోయేవి. 1930ల్లో జపాన్ వాళ్ళు పెంచిన ముత్యాలు చౌకగా వచ్చి పడేసరికి ఆ బతుకు కూలిపోయింది. 1934లో కువైట్ షేక్ ఒక బ్రిటిష్ కంపెనీకి, ఒక అమెరికన్ కంపెనీకి కలిపి చమురు తవ్వుకునే హక్కు ఇచ్చాడు. 1938లో బుర్గాన్ అనే చోట చమురు పడింది. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చి, మొదటి ఓడ 1946లో గానీ కదల్లేదు.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. 1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే. రూపాయలు అక్కడికి చేర్చి బంగారం దొంగరవాణా చేస్తున్నారని, 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే నోట్లు అచ్చు వేసింది. స్వాతంత్ర్యం వచ్చిన 1961లోనే వాళ్ళు దినార్ తెచ్చుకున్నారు. ఇవాళ మన వాళ్ళు లెక్కలు వేసుకునే దినార్ వయసు అంతే.

చమురు వాళ్ళదే అయినా ధర వాళ్ళ చేతిలో లేదు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలిన రైతును అడగండి, ఆ బాధ ఎట్లుంటుందో చెబుతాడు. పంట మనది, రేటు వ్యాపారిది. అప్పట్లో ప్రపంచ చమురునంతా ఏడు పెద్ద కంపెనీలు నడిపేవి. వాటిని 'ఏడుగురు అక్కచెల్లెళ్ళు' అనేవారు. 1960 ఆగస్టులో ఆ కంపెనీలు చమురు దేశాలను అడగకుండానే ధర తగ్గించాయి. మరుసటి నెలే బాగ్దాద్‌లో ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనిజులా కూడబలుక్కుని ఒపెక్ పెట్టుకున్నాయి.

పదమూడేళ్ళు గడిచాయి. 1973 అక్టోబరులో అరబ్బులకు, ఇజ్రాయెల్‌కు యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్ వైపు నిలిచిన దేశాలకు చమురు అమ్మబోమని అరబ్ దేశాలు తేల్చేశాయి. పీపా మూడు డాలర్లున్న చమురు 1974 జనవరికి పన్నెండు డాలర్ల దగ్గరికి చేరింది. స్టోరు ముందు డబ్బా పట్టుకుని కిరసనాయిలు కోసం నిలబడిన రోజుల గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఎక్కడో ఎడారిలో పెరిగిన ధర ఇక్కడ మన స్టవ్ వత్తిని తగ్గించింది.

అక్కడేమో డబ్బు పొంగింది. రోడ్లు, ఆసుపత్రులు, మేడలు లేచాయి. అవన్నీ కట్టడానికి, ఆ ఇళ్ళలో వండడానికి ఆ దేశంలో మనుషులు చాలక మన వాళ్ళకు పిలుపు వచ్చింది. కువైట్ తన పౌరులకు ఉద్యోగాలు, ఉచిత చదువు, వైద్యం ఇచ్చింది. వాళ్ళ జీతాల మీద పన్ను లేదు. 1963లో పార్లమెంటు వచ్చినా, పెద్ద నిర్ణయాలు పాలక కుటుంబానివే. అక్కడి ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 2005లో. ఇది మనకు తెలియని రాజకీయమేం కాదు. ఇంట్లో డబ్బు ఒక్క చేతి నుంచే వస్తుంటే, చివరి మాట కూడా ఆ చేతిదే అవుతుంది.

అయితే కువైట్ వాళ్ళు చేసిన ఒక పని నాకు భలే నచ్చింది. పోపుల డబ్బాలో డబ్బు దాచారు. చమురు డబ్బు రావడం మొదలైన కొన్నేళ్ళకే, 1953లో, మిగులు డబ్బు చూసుకోవడానికి లండన్‌లో ఒక బోర్డు పెట్టారు. 1976లో ఏటా వచ్చే ఆదాయంలో పదోవంతు ముందు తరాల కోసం పక్కన పెట్టాలని చట్టం చేశారు. చమురు ఒక్కటే పంట, ఏదో ఒక రోజు తగ్గుతుందని వాళ్ళకు తెలుసు.

ఆ డబ్బా అవసరం తొందరగానే పడింది. ఇరాన్‌తో ఎనిమిదేళ్ళు యుద్ధం చేసి అప్పుల్లో మునిగిన ఇరాక్, కువైట్ ఎక్కువ చమురు తోడి ధర పడగొడుతోందని, సరిహద్దులో తన చమురు కూడా లాగుతోందని గొడవ పెట్టుకుంది. 1990 ఆగస్టు 2న సైన్యంతో వచ్చి కువైట్‌ను మింగేసింది. పాలకులు సౌదీకి పారిపోయారు. దేశమే చేతిలో లేని ఆ ఏడు నెలలూ బయట దాచిన డబ్బే వాళ్ళను, వాళ్ళ జనాన్ని ఆదుకుంది.

చిన్నమ్మ అప్పుడు అక్కడే ఉంది. బస్సులో ఇరాక్ దాటి, జోర్డాన్ ఎడారిలో గుడారాల్లో ఉండి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి చేరింది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మన ప్రభుత్వం లక్షా డెబ్బై వేల మందికి పైగా ఇట్లా వెనక్కి తెచ్చింది. ఆమె మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చేతిలో ఒక సంచి. చీర కొంగు ముడిలో కొన్ని దినార్ నోట్లు. దారిలో ఎవరూ తీసుకోలేదంట. మాకు ఆడుకోవడానికి చూపించింది. నవ్వుతూనే చూపించింది.

అయిదేళ్ళు సంపాదించిన డబ్బు ఏమైంది? ఇంటికి స్లాబు పడింది. ఆడబిడ్డ పెళ్ళి అయింది. మరిది ఆటో కొన్నాడు. అన్నీ మంచి పనులే. ఆమె పేరున మాత్రం ఒక్క రూపాయి లేదు. "పంపించేది నా చేయి, పెట్టేది వాళ్ళ చేయి" అని ఒకసారి మా అమ్మతో అంటే విన్నాను.

అదే సమయంలో మన దేశం పరిస్థితీ అంతే. అప్పులు ముందే ఉన్నాయి. దానికి తోడు చమురు ఖర్చు పెరిగింది, గల్ఫ్ నుంచి మన వాళ్ళు పంపే డబ్బు తగ్గింది. 1991 మే నెలలో ఇరవై టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు, జూలైలో దాదాపు నలభై ఏడు టన్నులు ఇంగ్లండ్, జపాన్ బ్యాంకులకు కుదువ పెట్టి డాలర్లు తెచ్చుకున్నాం. విత్తనాల కోసం పుస్తెలతాడు బ్యాంకులో పెట్టే ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు!

చమురుంటే చాలు, గట్టెక్కుతామనుకోవడానికీ లేదు. బయటపడిన చమురు నిల్వలు ప్రపంచంలో అందరికంటే ఎక్కువున్నది వెనిజులాలోనే. ధర బాగున్న ఏళ్ళలో అక్కడ దాచింది తక్కువ, చేసిన అప్పు ఎక్కువ. 2014లో ధర పడిపోయాక నోట్లకు విలువ లేకుండా పోయింది. చెడ్డ పాలన, ఆంక్షలు కూడా తోడై డెబ్బై లక్షల మందికి పైగా జనం దేశం విడిచారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మన పెద్దలు ఊరికే అనలేదు.

చిన్నమ్మ కథలో ఇంకో ముక్క ఉంది. ఇరాక్ అమ్మే చమురు ఆదాయంలో కొంత తీసి, కువైట్ విడిచి రావలసి వచ్చిన వాళ్ళకు ఐక్యరాజ్యసమితి పరిహారం ఇచ్చింది. కొన్నేళ్ళ తర్వాత ఆమెకూ వచ్చింది. ఆ డబ్బు మాత్రం ఎవరెంత అడిగినా తీయలేదు. పోస్టాఫీసులో తన పేరునే వేసుకుంది. ఇప్పుడు మందులకు ఎవరినీ చేయి చాచి అడగదు.

మరుసటి సాయంత్రం వెనకింటి కోడలు వచ్చింది. పొమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. "నీ వయసెంత?" అని అడిగాను. ఇరవై ఎనిమిదంట. చదువు ఏడో తరగతి. ఏజెంటేమో విజిటింగ్ వీసా మీద పంపిస్తానన్నాడంట. అక్కడ నాకు భయమేసింది. పది పాసవ్వని ఆడవాళ్ళు గల్ఫ్ పనికి పోవాలంటే ముప్పై నిండాలని మన ప్రభుత్వ నియమం. దాన్ని తప్పించుకోవడానికే ఈ విజిటింగ్ వీసా. అట్లా పోతే అక్కడ ఏం జరిగినా, ఆమె పనికి వచ్చిందనడానికి కాగితం ఉండదు. ఇళ్ళలో పనిచేసే వాళ్ళకు వారానికొక సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని అని కువైట్ 2015లో చట్టం చేసింది. కానీ వీసా యజమాని చేతిలో ఉన్నప్పుడు, తలుపు వేసిన ఇంట్లో ఆ చట్టం అడగడానికైనా కాగితం కావాలి కదా.

"రెండేండ్లు ఆగు. పోతే ప్రభుత్వ ఆమోదం ఉన్న సంస్థ ద్వారా, పని వీసా మీదే పో. పాస్‌పోర్టు నకలు మీ అమ్మ దగ్గర ఉంచు. పోకముందే నీ ఒక్కదాని పేరున బ్యాంకు ఖాతా తెరువు. ఎంత పంపినా అందులో పదోవంతు ఎవరికీ చెప్పకుండా అక్కడే ఉంచు" అన్నాను.

"అంత పెద్ద దేశమే దాచుకుంటాదా అక్కా?" అంది.

"దాచుకుంది గనకే లేచింది" అన్నాను.

ఇంకా ఏమీ తేల్చుకోలేదు. వాళ్ళాయనకు కూడా చెప్పాలి కదా. నిన్న మాత్రం ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకుని, ఎమ్మిగనూరు బ్యాంకుకు తోడు రమ్మని అడిగింది. సోమవారం ఇద్దరం పోతున్నాం.

మీ ఇళ్ళలో, మీ వీధిలో గల్ఫ్‌కు పోయొచ్చిన వాళ్ళు ఉంటే ఒకసారి అడిగి చూడండి, వాళ్ళ పేరున ఏం మిగిలిందో.