పేగుల కదలిక: రసాయన సంకేతాలు

పేగు గోడల్లోని నునుపు కండరం మన ఇష్టంతో పనిలేకుండా ముడుచుకుంటుంది, సడలుతుంది. దాని లయ కహాల్ కణాలనే ప్రత్యేక కణాల చేతిలో ఉంటుంది: జీర్ణాశయంలో నిమిషానికి సుమారు 3, ఆంత్రమూలంలో 12 విద్యుత్ తరంగాలు. ఆ తరంగాలను సంకోచంగా మార్చడంలో ముఖ్యపాత్ర అసిటైల్‌కోలిన్‌ది. నాడుల చివర వెలువడిన ఈ రసాయనం కండరకణం మీది మస్కరినిక్ గ్రాహకాలకు అంటుకోగానే లోపల కాల్షియం పెరుగుతుంది. కాల్షియం కాల్మాడ్యులిన్‌తో కలిసి, మయోసిన్‌ను పనిలోకి దింపే ఎంజైమును ఉత్తేజపరుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ కండరాన్ని సడలిస్తుంది.

పని ముగిసిన అసిటైల్‌కోలిన్‌ను కోలినెస్టరేజ్ అనే ఎంజైము వెంటనే విడగొట్టాలి. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దెబ్బతీసేది దీన్నే. అనంతపురం లాంటి వేరుశనగ సీమలో ఈ రసాయన శాస్త్రం ప్రతి రైతు ఇంటికీ చేరాలి. మందు ఒంటికెక్కితే అసిటైల్‌కోలిన్ విడిపోక పేరుకుపోయి కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు, చొంగ, చెమటలు మొదలవుతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఎండదెబ్బనో అజీర్తి అనో పొరబడి ఆలస్యం చేస్తే ఊపిరాడక ప్రాణం పోవచ్చు.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ మస్కరినిక్ గ్రాహకాలను అడ్డుకుని పేగుల బిగువును, ఊపిరితిత్తుల్లోని స్రావాలను తగ్గిస్తుంది. చేతికాళ్ల కండరాల నీరసాన్ని మాత్రం తీర్చలేదు. బంజరుల్లో మొలిచే ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ ఉంది. కానీ ఏ కాయలో ఎంత ఉందో చెప్పలేం కనుక అది విరుగుడుగా పనికిరాదు. ఉమ్మెత్త తిన్నవారికి నోరెండిపోయి, పేగులు మందగించి కడుపుబ్బుతుంది, మూత్రం బిగుస్తుంది, మతి చలిస్తుంది.